పశ్చాత్తాపం కనిపిస్తే ప్రమాదం తగ్గినట్టేనా?

ప్రశ్న: లైంగిక నేరానికి పాల్పడినవాడు ఎన్నటికీ మారడని మా ఇంట్లో పెద్దలు అంటారు. జైలులో కౌన్సెలింగ్ ఇస్తే మారతారని పత్రికల్లో చదువుతున్నాను. పరిశోధనలు ఏం చెబుతున్నాయి?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఈ రెండు అభిప్రాయాల్లో దేనినీ పరిశోధనలు పూర్తిగా సమర్థించడం లేదు. కెనడాకు చెందిన కార్ల్ హాన్సన్, మోనిక్ బుసియేర్ 61 అధ్యయనాలను కలిపి విశ్లేషించి, 1998లో ఫలితాలను ప్రచురించారు. విడుదలయ్యాక నాలుగైదేళ్లలో మళ్లీ లైంగిక నేరం చేసినట్టు నమోదైనవారు అందులో సుమారు 13.4 శాతం. బాధితుల్లో చాలామంది ఫిర్యాదే చేయరు కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా అందరూ తప్పక మళ్లీ చేస్తారన్న మాట నిలబడదు.

ఇక కౌన్సెలింగ్ సంగతి. ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో 1990ల నుంచి ఖైదీలను బృందాలుగా కూర్చోబెట్టి, చేసిన నేరాన్ని ఒప్పుకునేలా, బాధితుల వేదనను అర్థం చేసుకునేలా శిక్షణ ఇచ్చేవారు. ఆ శిక్షణ పొందిన 2,562 మందిని, అది పొందని 13,219 మందితో పోల్చిన ప్రభుత్వ అధ్యయనం 2017లో వెలువడింది. సగటున ఎనిమిదేళ్లకు పైగా గమనించగా, మళ్లీ లైంగిక నేరం చేసినవారు శిక్షణ పొందినవారిలో 10 శాతం, పొందనివారిలో 8 శాతం ఉన్నారు. ఆ కార్యక్రమాన్ని అదే ఏడాది నిలిపివేశారు. మంచి ఉద్దేశంతో, శిక్షణ పొందిన సిబ్బందితో పాతికేళ్లు నడిచిన పని ఇలా తేలడం నన్ను నిజంగా కలవరపెట్టింది.

కారణం ఇదేనని ఎవరూ రుజువు చేయలేదు. బృందంలో పదేపదే నేరాల గురించి మాట్లాడుకోవడం వల్ల అవి మామూలు విషయాలుగా అనిపించి ఉండవచ్చని ఆ పరిశోధకులు ఊహించారు. నా దృష్టిలో మరో విషయం ఇంకా ముఖ్యమైనది. నేరాన్ని ఒప్పుకోకపోవడానికీ, బాధితులపై సానుభూతి లేకపోవడానికీ, మళ్లీ నేరం చేయడానికీ మధ్య చెప్పుకోదగ్గ సంబంధం 1998 విశ్లేషణలోనే కనిపించలేదు. పిల్లల పట్ల లైంగిక ఆకర్షణ, గతంలో చేసిన లైంగిక నేరాలు, చికిత్సను మధ్యలో వదిలేయడం వంటివే ప్రమాదాన్ని ఎక్కువగా సూచించాయి. తర్వాతి పరిశోధనల్లో తనను తాను అదుపు చేసుకోలేకపోవడం, ఎప్పుడూ లైంగిక ఆలోచనల్లోనే మునిగి ఉండడం కూడా ఈ వరుసలో చేరాయి. పశ్చాత్తాపం చూసి మనకు ఊరట కలుగుతుంది, కానీ దాన్నిబట్టి ప్రమాదాన్ని అంచనా వేయలేం.

అందువల్ల ఏదైనా కౌన్సెలింగ్ విజయవంతమైందని చదివినప్పుడు, దాన్ని పొందనివారితో పోల్చారా, విడుదలయ్యాక ఎన్నేళ్లు గమనించారు అన్నవి చూడండి. మన దేశంలో 2018లో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ ఏర్పాటైంది గానీ, అది పోలీసుల దర్యాప్తు కోసం ఉద్దేశించినది. 2021 నాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం 96 శాతానికి పైగా అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. విడుదలయ్యాక చాలామంది తిరిగి వెళ్లేది అదే ఊరికి, అదే బంధువర్గంలోకి. విదేశాల అంకెలను యథాతథంగా ఇక్కడ వర్తింపజేయకుండా, మన జైళ్ల నుంచి విడుదలైనవారిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాలను ప్రభుత్వాలే చేపట్టాలి.