ఒంగోలు పిన్‌కోడ్ 523001 ప్రధాన సంఖ్యేనా? చివరి అంకె చూసి చెప్పగలమా?

కాదు, 523001 ప్రధాన సంఖ్య కాదు, అది 31 × 16871. చివర 1 ఉన్నంత మాత్రాన ఏ పెద్ద సంఖ్యనూ ప్రధాన సంఖ్య అని తేల్చలేం.

చివరి అంకె చెప్పేది రెండే సంగతులు: ఆ సంఖ్య 2తో పోతుందా, 5తో పోతుందా. 523001ని 523000 + 1గా విడదీసి చూడండి. ముందు భాగం పదికి గుణిజం, పది అంటే 2 × 5. అందుకే ఆ రెండింటి విషయం చివరి అంకెతోనే తేలిపోతుంది. 3, 7, 31 లాంటివాటితో పోతుందో లేదో భాగించి చూడాల్సిందే.

ఎంతవరకు భాగించాలి? వర్గమూలం వరకు చాలు. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే, ఆ రెండూ ఒకేసారి వర్గమూలాన్ని దాటలేవు. రెండూ దాటితే లబ్ధం అసలు సంఖ్యను మించిపోతుంది. ఎంత హాయైన సంగతో చూడండి: 724 వర్గం 524176, అంటే ఇక్కడ 723 లోపు ప్రధాన సంఖ్యలతో చూస్తే పని అయిపోతుంది. 2 నుంచి 29 వరకు ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుంది. 31 దగ్గర సున్నా వస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. 3, 7, 11తో పోకపోతే చాలు, ప్రధాన సంఖ్య అని టిక్కు పెట్టేస్తారు. ఆ మూడూ దాటడం మొదటి వడపోత మాత్రమే. నెల్లూరు 524001 అయితే ఆ వడపోతలోనే ఆగిపోతుంది: అంకెల మొత్తం 12, కాబట్టి 3తో పోతుంది.