కెమెరాకు సరిపడని మెమరీ కార్డు అంటగడితే షాపు మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఖమ్మం జిల్లా. పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీసి బతుకుతున్నాను. సాయానికి ఒక కుర్రాడున్నాడు. ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో పానాసోనిక్ జీహెచ్5 కెమెరా కొన్నాను. హైదరాబాద్ కోఠిలోని ఒక షాపును వాట్సాప్‌లో ‘అన్నా, జీహెచ్5లో 4కే, 400 ఎంబీపీఎస్‌లో తీయాలి, ఏ కార్డు కావాలి?’ అని అడిగాను. ‘ఈ 128 జీబీ తీసుకో తమ్ముడూ, 170 స్పీడ్, ఏ ఢోకా లేదు’ అని కార్డు ఫొటో పంపారు. వెళ్ళి కొన్నాను, బిల్లు ఉంది. మొన్న ఒక పెళ్ళిలో కెమెరాను స్టాండు మీద పెట్టి, ఇంకో కెమెరాతో నేను ఫొటోలు తీస్తున్నాను. జీలకర్ర బెల్లం దగ్గర రికార్డింగ్ ఆగిపోయింది. తాళి కట్టడం అయ్యాక గాని చూసుకోలేదు. కార్డు స్పీడు చాలక ఆగిందని స్క్రీన్ మీద మెసేజ్ ఉంది. షాపుకు వెళితే ‘కార్డు ఒరిజినలే, అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అంటున్నారు. పెళ్ళివారేమో ఇవ్వాల్సిన 40 వేలు ఇవ్వం, పైగా కేసు వేస్తాం అంటున్నారు. వ్యాపారం చేసేవాళ్ళకు వినియోగదారుల కోర్టు వర్తించదని కొందరు చెబుతున్నారు. నాకు దారేమిటి?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ కార్డును ఫార్మాట్ చేయకండి, మళ్ళీ వాడకండి. ఈరోజే కెమెరా నుంచి తీసి, రెండు వైపులా ఫొటో తీసుకుని, ఒక కవర్లో పెట్టి అంటించండి. రికార్డింగ్ ఆగేదాకా తీసిన వీడియోను కార్డు రీడర్‌తో కంప్యూటర్లోకి కాపీ చేయించి, ఆ తర్వాత దాచినా సరే. మీ కేసుకు ఆ కార్డే ప్రాణం.

ఇక మీకు అందరూ చెబుతున్న ‘వ్యాపారికి వర్తించదు’ అనే మాట సగమే నిజం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(7) ప్రకారం వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు. కానీ అదే సెక్షన్‌కు వివరణ ఉంది. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే వస్తువు కొని, తానే వాడుకుంటే అది వాణిజ్య అవసరం కిందికి రాదు. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని చక్కగా విడమరిచి చెప్పింది. ఆటో కొని తానే నడుపుకునేవాడు, లేత్ మెషీన్ కొని తానే పని చేసుకునేవాడు వినియోగదారులేనని, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని అందులో ఉంది. మీ పరిస్థితి అచ్చంగా అదే. అయితే ఈ సంగతి ఫిర్యాదులో మీరే రాయాలి. ‘ఫొటోగ్రఫీ నా జీవనాధారం, కెమెరా నేనే పట్టుకుంటాను, ఒక సహాయకుడున్నాడు’ అని మొదటి పేరాలోనే ఉండాలి. అది లేకపోతే షాపు తరఫు లాయరు మొదట దాని మీదే పడతారు. నలుగురైదుగురికి జీతాలిస్తూ స్టూడియో నడిపేవారికి మాత్రం నేను ఇంత ధైర్యంగా చెప్పను.

మీ కేసులో అసలు చిక్కు వేరే చోట ఉంది. కార్డు నకిలీదో పాడైందో కాకపోవచ్చు. మీరు పంపిన ఫొటోలో కార్డు ముఖం మీద చిన్నగా వీ30 అని ఉంది. అంటే ఎంతసేపు తీసినా సెకనుకు కనీసం 30 ఎంబీ రాయగలనని ఆ కార్డు హామీ. మీరు పెట్టుకున్న 400 ఎంబీపీఎస్ మెగాబిట్లలో లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 400ను 8తో భాగించండి, సెకనుకు 50 ఎంబీ. 30కి హామీ ఉన్న కార్డు మీద 50 రాయమంటే ఏదో ఒక క్షణంలో కెమెరా చేతులెత్తేయవచ్చు. జీహెచ్5లో ఆ 400 మోడ్‌కు వీ60 లేదా అంతకు మించిన కార్డు కావాలి. మరి షాపు వాళ్ళు చెప్పిన 170 ఏమిటంటే, అది ఎక్కువలో ఎక్కువగా కార్డు నుంచి చదివే వేగం. రాసే వేగం కాదు, కనీస వేగం అంతకన్నా కాదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది ఇదే, కొనేవాళ్ళు మోసపోతున్నదీ దీని దగ్గరే.

దీన్ని ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ‘కార్డు పాడైంది’ అని ఒక్క ముక్క రాసి ఫిర్యాదు వేస్తే మీరు ఓడిపోయే ప్రమాదముంది. వస్తువులో లోపం ఉందో లేదో పరీక్షించకుండా తేలదనుకుంటే, అదే చట్టం సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ (మీరన్న వినియోగదారుల కోర్టు) దాన్ని ల్యాబుకు పంపుతుంది. ల్యాబు వాళ్ళు కార్డు వీ30 ప్రకారం పని చేస్తోందని రాస్తే అక్కడితో కథ ముగుస్తుంది. మీ ఫిర్యాదు కార్డు మీద కాదు, అమ్మినవాడి మాట మీద నిలబడాలి.

ఆ మాటకు చట్టంలో బలం ఉంది. సెక్షన్ 2(10)లో లోపం అంటే చట్టం కోరిన ప్రమాణం లేకపోవడమే కాదు, అమ్మకందారు ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం లేకపోవడం కూడా. 400 ఎంబీపీఎస్‌కు ఢోకా లేదన్నారు, వస్తువు దానికి తూగలేదు. వస్తువు ఉపయోగం గురించి తప్పుదారి పట్టించే మాట చెప్పడం సెక్షన్ 2(47) కింద అనుచిత వాణిజ్య పద్ధతి. నోటితో చెప్పినా, రాసి చెప్పినా, ఎలక్ట్రానిక్ రూపంలో చెప్పినా ఒకటే. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 16 కూడా మీకు అండగా ఉంటుంది. ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మకందారు అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ పనికి పనికొచ్చి తీరాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది. మీరే ఫలానా బ్రాండు, ఫలానా మోడల్ ఇవ్వమని అడిగి తీసుకుంటే ఈ రక్షణ సామాన్యంగా దొరకదు. మీరు బ్రాండు అడగలేదు, పని చెప్పి ఏ కార్డు అని అడిగారు. మీ చేతిలో ఉన్న గొప్ప సాక్ష్యం ఆ ఒక్క వాట్సాప్ ప్రశ్నే.

కాబట్టి ఆ చాట్‌ను డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ఫోను మార్చకండి. వినియోగదారుల కమిషన్లో సాక్ష్యం నిబంధనలు మరీ కఠినంగా పట్టించుకోరు గాని, భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేస్తే వేలెత్తి చూపడానికి ఉండదు. కెమెరా మాన్యువల్లో కార్డుల గురించి ఉన్న పేజీ ప్రింటు తీయండి.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అనే బోర్డుకు భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా 2(47) కిందికే వస్తుంది. మీ 30 రోజులు ఇంకా దాటకపోతే ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి. స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, 15 రోజులు గడువివ్వండి. ఈలోగా 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్ళు షాపుతో మాట్లాడే ప్రయత్నం చేస్తారు. చిన్న మొత్తాల వ్యవహారాలు చాలాసార్లు అక్కడే తెగిపోతాయి.

తెగకపోతే హైదరాబాద్ తిరగనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోట, అంటే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్లోనే వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్ళు.

ఎంత అడగవచ్చు? కార్డు ధర, వడ్డీ, ఖర్చులు ఎలాగూ అడగండి. పెళ్ళివారి దగ్గర పోయిన డబ్బు సంగతి అంత తేలిక కాదు. కమిషన్ నష్టపరిహారం ఇప్పించాలంటే షాపు నిర్లక్ష్యం వల్లే ఆ నష్టం వచ్చిందని చూపాలి. ఆ కార్డును పెళ్ళికి ముందు ఇంటి దగ్గర అరగంట ఎందుకు నడిపి చూడలేదు, జీహెచ్5లో రెండు కార్డులు పడతాయి కదా, రెండోదాంట్లో కాపీ ఎందుకు పెట్టలేదు, స్టాండు మీది కెమెరాను ఎవరూ ఎందుకు చూడలేదు అని షాపు వాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నలే. అందుకే 40 వేలూ షాపు నుంచి వస్తాయని ఆశపెట్టను. కొంత భాగం రావచ్చు. కార్డు తయారుచేసిన కంపెనీ మీద ప్రాడక్ట్ లయబిలిటీ (వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) కేసు వేయమని ఎవరైనా చెబితే వినకండి. వినియోగదారుల చట్టంలో దానికి సంబంధించిన అధ్యాయంలో కేవలం ఆర్థిక నష్టం లెక్కలోకి రాదు, పైగా కంపెనీ కార్డు మీద వీ30 అని నిజమే రాసింది.

మళ్ళీ కొనేటప్పుడు మీ కెమెరా మాన్యువల్లో ఉన్న వేగం తరగతిని బిల్లు మీద రాయించండి. ‘జీహెచ్5, 400 ఎంబీపీఎస్ కోసం, వీ60’ అన్న ఆ చిన్న వాక్యం మీ పక్షాన మాట్లాడుతుంది. మీ పాత కెమెరాలకు కూడా ఇదే జాగ్రత్త. ఎస్‌డీహెచ్‌సీ (32 జీబీ వరకు ఉండే కార్డు రకం) వరకే తీసుకునే కెమెరాకు 32 జీబీ దాటిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డు అమ్మితే చాలావాటిలో కార్డు ఎర్రరే వస్తుంది. అక్కడ కూడా గొడవ ఇదే, అమ్మినవాడికి కెమెరా పేరు చెప్పారా లేదా అన్నదే.

చివరిగా పెళ్ళివారి సంగతి. ఇది మీకు నచ్చకపోయినా చెప్పాలి. వాళ్ళకు షాపుతో సంబంధం లేదు, వాళ్ళు ఒప్పందం చేసుకున్నది మీతో. కేసు వేస్తే సేవాలోపం కింద మీరే జవాబు చెప్పుకోవాలి, షాపు మీద వేలు చూపిస్తే సరిపోదు. తాళి కట్టే ఘట్టం మళ్ళీ రాదు, వాళ్ళ బాధ నిజమైనది. పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి మాట్లాడండి. ఆ సమయంలో మీరు తీసిన ఫొటోలు ఉన్నాయి, బంధువుల ఫోన్లలో వీడియోలు ఉంటాయి. వాటిని సేకరించి ఎడిట్ చేసి ఇస్తామనండి, బాకీలో కొంత తగ్గించుకోండి. రాజీ కుదిరితే ఇద్దరి సంతకాలతో కాగితం రాసుకుని, ఎందుకు తగ్గించారో, ఎంత తగ్గించారో అందులో అంకెతో సహా పెట్టండి. షాపు మీద వేసే ఫిర్యాదులో మీ నష్టం ఎంతో చూపించడానికి ఆ కాగితమే మీకు ఆధారం.