బుజ్జికి, సంచి సర్దుకునే ముందు

బుజ్జీ,

ఆసియా జూనియర్ అథ్లెటిక్స్ జట్టులో హ్యామర్ త్రోకు నీ పేరు వచ్చిందని మీ నాన్న కందుకూరంతా చెప్పుకుంటున్నాడు. పొగాకు బ్యారన్ దగ్గర కూలీలకు కూడా స్వీట్లు పంచాడట. పంచనీ. మన ఇంట్లో పాస్‌పోర్టు చేతపట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే. నాకు సంతోషం లేక కాదు. కానీ కబురు వినగానే నా ఆలోచన పోయింది నీ సంచిలో మాత్రలు పెట్టుకునే డబ్బా మీదికి. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తా. గ్లవ్‌లు, బూట్లు చేతి సంచిలో పెట్టుకో, పెద్ద లగేజీలో వేయొద్దు. కొత్త గ్లవ్‌ని అక్కడ మొదటిసారి తొడగొద్దు. బొటనవేలు తప్ప మిగతా వేళ్ల కొనలు బయటికి ఉండాలి. వేళ్లకు టేప్ చుట్టుకుంటే పోటీకి ముందే జడ్జికి చూపించాలి. పోటీకి ముందు కూర్చోబెట్టే కాల్ రూమ్‌లోకి ఫోన్ రానివ్వరు, ఆ అలవాటు ఇప్పుడే మానుకో. నాయనమ్మ పెట్టిచ్చే సున్నుండలు వద్దనకు, ఆవిడ మనసు నొచ్చుకుంటుంది.

ఇక పోటీ. మనుషులు ఎక్కువుండి క్వాలిఫికేషన్ పెడితే అందులో మూడే త్రోలు. ఫైనల్లో కూడా మొదట మూడే, ఎనిమిదిలోపు నిలిస్తేనే ఇంకో మూడు. నువ్వు మొదటి త్రోకే నీ రికార్డు కొట్టాలని చూస్తావు. నెల్లూరు స్టేడియంలో చేసిందీ అదే. మొదటి రెండూ వలయం చుట్టూ కట్టిన వలకు, ఆ కేజ్‌కు తగిలాయి, మూడోదానికి టెన్షన్‌తో కాళ్లు బిగుసుకుపోయాయి. తీగ చివరి గుండు పడాల్సిన ప్రాంతం, అదే సెక్టార్, 34.92 డిగ్రీలే. మొదటి త్రో దూరం పోకపోయినా ఫరవాలేదు, గీతల మధ్య పడితే చాలు. నీ పేరు ముందు ఒక అంకె ఉంటే తర్వాత త్రోలకు మనసు కుదుటపడుతుంది.

పిలిచాక నిమిషం టైమ్ ఉంటుంది. తిప్పేటప్పుడు గుండు నేలకు తగిలితే భయపడి వదిలేయకు, అదొక్కటే ఫౌల్ కాదు. ఆపి, కింద పెట్టి, ఆ నిమిషంలోనే మళ్లీ మొదలుపెట్టొచ్చు. త్రో సరిగ్గా వేసినా తీగ తెగితే ఇంకో అవకాశం ఇస్తారు, అడిగి తీసుకో. గుండు నేలమీద పడేదాకా వలయం దాటొద్దు. పడ్డాక కూడా వెనక సగంలోంచే బయటికి రావాలి. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసినవాళ్లే ఉత్సాహంలో ముందుకు అడుగేసి త్రో పోగొట్టుకుంటారు.

చేతుల సంగతి ఒక్కటి చెప్పనీ. మీ తాతయ్య జొన్న చేలో మంచె మీద నిలబడి పిట్టల మీదికి వడిసెల తిప్పడం నువ్వు చూడలేదు. నువ్వు పుట్టేసరికి ఆయన లేరు. బక్క మనిషి, చేతుల్లో కండ లేదు. కానీ ఆయన రాయి చేను చివరి గట్టు దాటిపోయేది. చెయ్యి వదులుగా చాచి ఉంచేవాడు, తిప్పేదంతా నడుముతోనే. మా అన్నదమ్ములు బలమంతా చేతిలో పెట్టి తిప్పితే రాయి పక్క చేలో పడేది. నువ్వు మూడో తిరుగుడుకి మోచేతులు ముడుస్తున్నావు. గుండు, తీగ, పిడి అన్నీ కలిపి 1.195 మీటర్ల దాకా ఉండొచ్చని రూలే ఇస్తుంటే, ఆ పొడవును నువ్వే ఎందుకు తగ్గించుకుంటావు? 2025లో టోక్యోలో కెనడా అమ్మాయి కామ్రిన్ రోజర్స్ 80.51 మీటర్లు వేసిన వీడియో చూడు. దూరం చూడొద్దు, ఆమె భుజాలు చూడు. ఎంత వదులుగా ఉన్నాయో.

మా రోజుల్లో ఆడవాళ్లకు హ్యామర్ లేదు బుజ్జీ. మగవాళ్లకు ఒలింపిక్స్‌లో 1900 నుంచీ ఉంది. మాకు డిస్కస్, షాట్‌పుట్, జావెలిన్, అంతే. ఆడవాళ్ల హ్యామర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లోకి 1999లో, ఒలింపిక్స్‌లోకి 2000లో సిడ్నీతో వచ్చింది. మన మల్లీశ్వరి కాంస్యం ఎత్తిన ఒలింపిక్సే అవి. స్కూల్లో పిల్లలందరికీ ఆమె ఫోటో చూపించి, ఆ పక్కనే హ్యామర్ సంగతి చెప్పేదాన్ని. పోలండ్ అమ్మాయి కమిలా స్కోలిమోవ్‌స్కా 71.16 మీటర్లు వేసి మొట్టమొదటి బంగారు పతకం తీసుకుంది. పదిహేడేళ్ల పిల్ల. నీకన్నా చిన్నది. ఎదురుగా పెద్ద పేర్లున్నాయని అక్కడ నువ్వు కుంచించుకుపోతే మాత్రం నేను ఊరుకోను.

అదే సిడ్నీలో జరిగిన ఇంకో సంగతి ఉంది. అప్పటి ప్రపంచ రికార్డు రొమేనియాకు చెందిన మిహేలా మెలింటేది. 1999లో ప్రపంచ ఛాంపియన్ కూడా ఆమే. పోటీకి దిగాల్సిన రోజున మైదానం నుంచి బయటికి పంపేశారు. అంతకుముందు ఇచ్చిన మూత్రం శాంపిల్లో నాండ్రోలోన్ అనే నిషేధించిన కండబలం మందు దొరికింది. ఆ మందు పేరు గుర్తుపెట్టుకో, కింద మళ్లీ వస్తుంది.

పొదిలి వైపు నుంచి ఒక పిల్ల నా దగ్గర డిస్కస్ నేర్చుకుంది. పేరు రాయను. చెయ్యి ఊపితే గాలి కోసే చప్పుడొచ్చేది. యూనివర్సిటీ మీట్‌కు వెళ్లే ముందు ఎండల్లో ప్రాక్టీస్ చేసి బాగా నీరసపడింది. ఇంట్లోవాళ్లు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన "బలం సూది" అని ఒకటి వేశాడు, వారం తర్వాత ఇంకొకటి. ఆ సూది పేరేంటో ఆ పిల్ల అడగలేదు. తండ్రీ అడగలేదు. చీటీ లేదు. సీసా ఆ రోజే చెత్తలో పడేశారు.

మీట్‌లో పతకం వచ్చింది, శాంపిల్ తీసుకున్నారు. కొన్ని వారాల తర్వాత కాగితం వచ్చింది, నాండ్రోలోన్ అని. పోటీకి నెలల ముందు వేయించుకున్నా ఒంట్లోంచి పోని మందు అది. నేనూ, ఆ పిల్ల తండ్రీ ఆర్‌ఎంపీ ఇంటికి వెళ్లాం. "బీ కాంప్లెక్సేనమ్మా" అన్నాడు. ఏ కంపెనీది అంటే గుర్తులేదన్నాడు. ఒక కాగితం మీద రాసివ్వమంటే తలుపు వేసుకున్నాడు. విచారణకు ఢిల్లీ వెళ్లాం. ఆ పిల్లకు హిందీ రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. వాళ్లు అడిగింది ఒకటే: ఏ మందు, ఎవరిచ్చారు, రుజువేది? ఒంట్లోకి ఏది పోయినా బాధ్యత ఆటగాళ్లదే అని రూలు. తెలియక జరిగిందంటే చాలదు, ఎలా జరిగిందో చూపించాలి. చూపించడానికి మా చేతిలో ఏముంది? రెండేళ్లు నిషేధం వేశారు.

రైల్లో వస్తుంటే ఒక్క మాట అంది ఆ పిల్ల. "పెద్దాయన్ని పేరెట్టా అడుగుతాం టీచర్, బాగుండదు కదా" అని. అది విన్నప్పటి నుంచి నాకు కోపం ఆ పిల్ల మీద లేదు, మన పెంపకం మీదే. పెద్దవాళ్లు ఏదిస్తే అది కళ్లకద్దుకుని మింగమని నేర్పుతాం ఆడపిల్లలకు. ఎదురు అడిగితే పొగరంటాం. ఆ తర్వాత ఊళ్లో "మందు తీసుకుని ఆడిందంట" అన్నారు. రెండేళ్లు గడిచినా ఆ పిల్ల మళ్లీ గ్రౌండ్‌కు రాలేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నీ సంగతి చెబితే ఫోన్లోనే ఏడ్చింది. "భయపడకుండా పేరు అడగమని చెప్పండి టీచర్" అంది. చెబుతున్నాను.

నువ్వు అడగవు బుజ్జీ. మొన్న సంక్రాంతికి నీకు తుమ్ములొస్తే మీ పెదనాన్న చొక్కా జేబులోంచి ఏదో మాత్ర తీసిచ్చాడు. వెనక్కి తిప్పి కూడా చూడకుండా మింగేశావు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ సమయంలో హద్దు దాటితే తప్పవుతుంది. మన మెడికల్ షాపుల్లో అమ్మే దగ్గు సిరప్పులు చాలావాటిలో టెర్బుటాలిన్ ఉంటుంది, అది ఎప్పుడూ నిషేధమే. నాటు వైద్యులిచ్చే లేహ్యాలూ, జిమ్‌లో అమ్మే పొడులూ ఏం కలిపి చేస్తారో డబ్బా మీద ఉన్నదంతా నమ్మలేం. ఎవరిచ్చినా పేరు అడుగు. మీ నాన్నయినా, కోచ్ అయినా, నేనైనా సరే. పేరు చెప్పకపోతే తీసుకోకు. చెబితే టీం డాక్టర్‌కు చూపించాకే తీసుకో.

నెలసరి వాయిదా వేసుకోవడానికి మన ఇళ్లలో పూజలకీ పెళ్లిళ్లకీ మాత్రలు వేసుకుంటారు కదా, పోటీకీ అదే చేద్దామని ఎవరైనా చెబుతారు. వాటిలో నోరెథిస్టెరాన్ ఉన్నవి నిషేధం కాదు. కానీ వాటివల్ల నాండ్రోలోన్ ఆనవాలు మూత్రంలో కనపడొచ్చు. వేసుకుంటే డాక్టర్‌కు చెప్పి వేసుకో, డోప్ టెస్ట్ ఫారంలో తప్పకుండా రాయించు. వారంలో వేసుకున్న ప్రతి మందూ అందులో రాయాలి.

తిండి కూడా ఆటగాళ్ల డైనింగ్ హాల్లోదే తిను. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో హ్యామర్ గెలిచిన చైనా అమ్మాయి జాంగ్ వెన్‌షియుకు జెరనాల్ అనే మందు బయటపడిందని బంగారం తీసేసుకున్నారు. అది పశువులు బలియడానికి వాడే మందు. తిండిలోంచి వచ్చి ఉంటుందని తేలాక తర్వాతి ఏడాది పతకం తిరిగి ఇచ్చారు. మూడో స్థానంలో ఉన్న మన మంజు బాల ఈలోగా రజతానికి వెళ్లి మళ్లీ కాంస్యానికి వచ్చింది. తప్పు లేదని తేలినా ఆ నెలలు ఆ చైనా పిల్ల ఎట్టా గడిపి ఉంటుందో ఆలోచించు.

గెలిచినా ఓడినా నిన్ను డోప్ టెస్ట్‌కు పిలవొచ్చు. అక్కడ ఏం జరుగుతుందో ముందే చెబుతా, లేకపోతే బెంబేలు పడతావు. నువ్వు మూత్రం శాంపిల్ ఇస్తుంటే ఒక మహిళా అధికారి నీ ఎదుటే నిలబడి చూస్తుంది. పైబట్ట ఛాతీ దాకా ఎత్తమంటారు, కిందిది మోకాళ్ల దాకా దించమంటారు. సిగ్గేస్తుంది. ఏడుపొచ్చినా రావచ్చు. అది నిన్ను అవమానించడానికి కాదు, లోకంలో ప్రతి ఆటగత్తెకీ అంతే. కనీసం 90 మిల్లీలీటర్లు ఇవ్వాలి, రాకపోతే రాత్రయినా కూర్చోబెడతారు, కంగారుపడకు. సీల్ ఉన్న సీసాలోని నీళ్లే, నీ చేత్తో మూత తీసుకుని తాగు. కిట్ నువ్వే ఎంచుకో, సీల్ చూడు, సీసాల మీద నంబరూ ఫారంలో నంబరూ ఒకటేనా చూడు, శాంపిల్‌ని సీసాల్లోకి నువ్వే వంపు. తోడుగా ఒకరిని తీసుకెళ్లే హక్కు నీకుంది. భాష అర్థంకాకపోతే చెప్పేవాళ్లను అడిగే హక్కూ ఉంది. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టొద్దు.

ఇంకొకటి, ఇది కొట్టిపారేసే మాట కాదు. 2019లో కేరళలో పాలా మీట్‌లో సాయం చేయడానికి వచ్చిన స్కూలు పిల్లాడికి హ్యామర్ తగిలి ప్రాణం పోయింది. వార్మప్‌లో వలయంలో ఇంకొకరు ఉండగా నీ గుండు తెచ్చుకోవడానికి మైదానంలోకి పోకు. ఎవరు పిలిచినా పోకు.

ఇంత రాశానని నువ్వు భయపడొద్దు తల్లీ. పొగాకు మోపులు మోసిన భుజాలు నీవి, నీ త్రో గురించి నాకు దిగులు లేదు. ఈ రాత్రికి ఒక పని చెయ్యి. సంచిలో ఉన్న మాత్రల షీట్లు, సిరప్పులు, పొడి డబ్బాలు అన్నీ మంచం మీద పరిచి, వెనకవైపు పేర్లు కనపడేలా ఫోటో తీసి టీం డాక్టర్‌కు పంపు. నాకూ పంపు. మీ పెదనాన్న ఇచ్చిన ఆ మాత్రలేవైనా మిగిలి ఉంటే అవి కూడా.

మీ అత్త