మూడు బండ్ల ఫొటోలు చూశాక, అమ్మడికి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. యమహా ఆర్3, ఆర్7, ఒక పాత ఆర్6. కింద ఒక్క వాక్యమే రాశావు: “మామయ్యా, మూడూ ఒకేలా ఉన్నాయి, ఏది కొనమంటావు?” అవి ఒకేలా కనిపించాలనే గీశారమ్మా. అక్కచెల్లెళ్ల పోలిక ముఖం వరకే, గుణాలు వేరు.

రూపం సంగతి ముందు తేల్చేద్దాం. మనసు పడేదీ అక్కడే, మోసపోయేదీ అక్కడే. 2008లో కవాసాకీ తన నింజా 250ఆర్‌కు పెద్ద నింజాల పోలికతో నిండు ఫెయిరింగ్, అంటే ఒంటిని కప్పే ప్లాస్టిక్ తొడుగు, తొడిగింది. ఇప్పుడు చిన్న స్పోర్ట్స్ బండికి పెద్దబండి ముఖం పెట్టడం ఆనవాయితీ. పైన పటారం, లోన లొటారం అని కొందరు వెక్కిరిస్తారు. అది అన్యాయం. లోన ఉన్నది లొటారం కాదు, చిన్న ఇంజన్, అంతే. తెల్లారి తలుపు తీయగానే బండిని చూసి ముచ్చటపడటం కూడా పెట్టిన డబ్బుకు ప్రతిఫలమే. నేను మాత్రం ఆ ముచ్చటకు ఎక్కువ చెల్లించను.

పేర్లను కూడా నమ్మకు. 1999లో ఆర్7 పేరుతో వచ్చింది 749 సీసీ, నాలుగు సిలిండర్ల పందెపు బండి. ప్రపంచ సూపర్‌బైక్ పోటీల నిబంధన కోసం 500 మాత్రమే తయారుచేశారు. 2021లో అదే పేరుతో వచ్చిన ఆర్7లో ఉన్నది ఎంటీ-07 అనే రోడ్డు బండి ఇంజన్. తాత పేరు పెట్టినంత మాత్రాన మనవడికి తాత స్వభావం రాదు కదా. నిజం చెప్పాలంటే రోజూ తిరగడానికి మనవడే నయం.

ఫొటోలో రంగు వదిలేసి చక్రాలు చూడు. ఆర్3కి ముందు ఒక్కటే బ్రేకు డిస్కు, వెనక 140 మిల్లీమీటర్ల వెడల్పు టైరు. మిగతా రెండింటికీ ముందు రెండేసి డిస్కులు, వెనక 180 టైరు. తయారీదారుడు ఆ బండి నుంచి ఎంత ఆశిస్తున్నాడో అక్కడ తెలుస్తుంది.

ఇక పరుగు. ఇక్కడ కాస్త ఓపిక పట్టి చదువు, నీ నిర్ణయమంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఆర్3లో 321 సీసీ, రెండు సిలిండర్లు, 42 హార్స్‌పవర్, బరువు 170 కిలోల దరిదాపు. ఆర్7లో 689 సీసీ, అవీ రెండు సిలిండర్లే, 73 హార్స్‌పవర్, 188 కిలోలు. ఆర్6లో 599 సీసీ, నాలుగు సిలిండర్లు, 118 హార్స్‌పవర్ చుట్టుపక్కల, 190 కిలోలు. ఆర్7 కంటే సీసీ తక్కువ ఉన్న ఆర్6కు అంత బలం ఎక్కడిదని నీకు సందేహం రావాలి.

టార్క్ అంటే ఒక్కో తోపులోని బలం. అలాంటి తోపులు నిమిషానికి ఎన్ని పడుతున్నాయో కూడా కలిపి లెక్కకడితే హార్స్‌పవర్. ఆర్7 తన గరిష్ఠ టార్క్ 67 న్యూటన్ మీటర్లను 6,500 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే ఇచ్చేస్తుంది. ఆర్6 ఇచ్చేది 62కు కాస్త తక్కువ, అదీ 10,500 దగ్గర. దాని గరిష్ఠ హార్స్‌పవర్ కావాలంటే 14,500 దాకా ఎక్కించాలి. అంటే ఒక్కో తోపులో ఆర్6 బలహీనమే, చాలా ఎక్కువ వేగంతో తిరిగి ఆ లోటు పూడ్చుకుంటుంది. అంత వేగంగా తిరగడానికి రోడ్డు మీద చోటేది? అది మొదటి గేరులోనే గంటకు 100 కిలోమీటర్లు దాటగల బండి. సిగ్నలు దగ్గర, సందుల్లో, వాన రోడ్డులో నీకు దొరికేది దాని బద్ధకపు సగమే. అసలు సగం ట్రాక్ మీద తప్ప బయటపడదు.

ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. నీ వయసులో నేను ఇలాంటి 600 సీసీ నాలుగు సిలిండర్ల బండే కొన్నాను. ఆ అరుపు కోసమే కొన్నానని ఇప్పుడు ఒప్పుకుంటాను. తొమ్మిది వేల ఆర్పీఎం దాకా మామూలు బండిలా ఉండి, ఆ పైన ఉన్నట్టుండి లాగేది. ఆ లాగుడుకు అలవాటు పడని చెయ్యి భయంతో థ్రాటిల్‌ను, అదే యాక్సిలరేటరును, సగంలోనే వదిలేసేది. కొండదారి మలుపుల్లో ఒక మిత్రుడు 300 సీసీ బండి మీద నన్ను దాటుకుపోయాడు, ఒకసారి కాదు, ప్రతి ఆదివారం. చివరికి పడ్డది మలుపులో కూడా కాదు. పెట్రోలు పోయించుకుని బయటికి వస్తూ కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టాను. వేగం నడక కంటే కాస్త ఎక్కువ. మోకాలు చర్మం వారంలో మానింది. ఒక పక్క ఫెయిరింగ్, లివరు, అద్దం, ఇండికేటరు మార్పించేసరికి మూడు నెలల జీతం పోయింది.

చిన్నబండి దగ్గర నేర్చుకునేది వేరు. ఆర్3 గానీ, కవాసాకీ నింజా 400 గానీ, కేటీఎం ఆర్‌సీ 390 గానీ థ్రాటిల్ పూర్తిగా తిప్పితే ఏమవుతుందో నీకు రోజూ తెలుస్తుంది. శక్తి తక్కువ కాబట్టి మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని తర్వాత ఇంజన్ తెచ్చిపెట్టదు. అందుకని బ్రేకు ఎక్కడ వదలాలో, ఏ గేరులో ఉండాలో, చూపు ఎటు పెట్టాలో నువ్వే నేర్చుకోక తప్పదు. పెద్దబండి ఆ తప్పులన్నీ తిన్నని రోడ్డు మీద వేగంతో కప్పేస్తుంది. సన్నటి టైరు, తక్కువ బరువు వల్ల చిన్నబండి ఇలా అనుకోగానే అలా వాలుతుంది. పిట్ట కొంచెం, కూత ఘనం.

లోపాలు లేవని అనను. వెనక మనిషిని ఎక్కించుకుని పెద్ద రోడ్డు మీద లారీని దాటాలంటే రెండు గేర్లు దించాలి, ముందే దూరం లెక్కేసుకోవాలి. ఆర్7 లేదా నింజా 650 లాంటి బండిలో ఉన్న గేరులోనే మణికట్టు కాస్త తిప్పితే పని అయిపోతుంది. రోజూ దూరప్రయాణం ఉన్నవాళ్లకు నేను మధ్యస్థాయి రెండు సిలిండర్ల బండినే చెబుతాను, మొహమాటం లేకుండా. సీసీ ఒక్కటే చూసి తరగతి తేల్చవద్దని కూడా చెప్పాలి. నింజా 400, జెడ్ఎక్స్-4ఆర్ రెండూ 399 సీసీయే. మొదటిదానికి రెండు సిలిండర్లు, రెండోదానికి నాలుగు, బరువు దాదాపు 20 కిలోలు ఎక్కువ. స్వభావంలో వాటికి పొంతనే లేదు.

డబ్బు లెక్కలో అందరూ కొన్న రోజు చూసి ఆగిపోతారు. మధ్యస్థాయి బండికి 180 టైరు ఖరీదు, పట్టు కోసం మెత్తటి రబ్బరు వేయిస్తే త్వరగా అరుగుతుంది. నాలుగు సిలిండర్లంటే 16 వాల్వులు, ఇంజన్‌లోకి గాలి వచ్చిపోయే తలుపుల్లాంటివి. వాటి సందు సరిచూడాలంటే ఫెయిరింగ్, ట్యాంకు ఊడదీయాలి, మెకానిక్కు ఆ గంటలన్నీ నీ ఖాతాలోనే రాస్తాడు. బీమా, బ్రేకు ప్యాడ్లు, చెయిన్ సెట్టు కూడా మెట్టుకొకటిగా పెరుగుతూ పోతాయి. చిన్న స్పోర్ట్స్ బండికి కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి, అమ్మేటప్పుడు మరీ నష్టపోవు.

కూర్చునే తీరు గురించి ఒక్క మాట. ఆర్3 సీటు ఎత్తు 780 మిల్లీమీటర్లు, ఆర్7ది 835, ఆర్6ది 850. నీ ఎత్తుకు ఆర్6 మీద మునివేళ్లు మాత్రమే ఆనుతాయి. కిందికి దించిన హ్యాండిళ్ల బండి వేగంలో సుఖంగానే ఉంటుంది, ఎదురుగాలి ఛాతీని మోస్తుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడే ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. షోరూంలో రెండు నిమిషాలు కూర్చుని తెలుసుకోగలిగింది కాదిది, పావుగంట ట్రాఫిక్‌లో నడపనిమ్మని అడుగు. హ్యాండిల్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి బొటనవేలు ట్యాంకుకు నొక్కుకుంటోందేమో కూడా చూసుకో.

నా మాట: ఆర్3 తీసుకో, పాతదైనా ఫరవాలేదు. రెండేళ్లుగా 125 సీసీ నడుపుతున్న చేతికి అది సరైన తర్వాతి మెట్టు. ఏడాదిన్నర తర్వాత మలుపుల్లో దాని శక్తి చాలడం లేదని నీకే అనిపిస్తే ఆర్7 గురించి మళ్లీ మాట్లాడుకుందాం. రోడ్డు మీద అంతకుముందే చాలడం లేదనిపిస్తే, అది బండి లోపం కాదు, తొందర. ఆర్6ను ట్రాక్‌కు తీసుకెళ్లే ఉద్దేశం లేనంతవరకు ఫొటోలోనే ఉండనీ.

పాతబండి చూసేటప్పుడు లివర్ల చివరలు, హ్యాండిల్ చివరలు, ఫుట్‌రెస్టుల అంచులు గీసుకుపోయాయేమో చూడు. నేర్చుకునేవాళ్ల బండ్లు నిలబడ్డచోటే పడుతుంటాయి, దానికి భయపడనక్కరలేదు, బేరానికి పనికొస్తుంది. ఇంజన్ ఆయిల్ బోల్టుకు సన్నటి రంధ్రం కనిపిస్తే మాత్రం జాగ్రత్త. ట్రాక్ మీద బోల్టు ఊడకుండా తీగ కట్టడానికి వేసే రంధ్రం అది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాల మీద నూనె తడి ఉంటే, లోపలి నూనెను ఆపే సీళ్లు పోయినట్టే.

చూడటానికి వెళ్లే రోజు నాకు కబురు చేయి, నేనూ వస్తాను. అమ్మే ఆయనకు మాత్రం ముందే చెప్పి ఉంచు, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని. చల్లటి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాకే తాళం తిప్పాలి.

ప్రేమతో,
మామయ్య