నాలుగు ఆప్షన్లలో మూడు తప్పుల గురించి

అమ్మాయీ,

ఆశీస్సులు. జూనియర్ లెక్చరర్ (జేఎల్) పరీక్ష, అధ్యాపక అర్హత కోసం నెట్ రాయబోయే మీ పిల్లల కోసం తెలుగు సాహిత్యం మీద నువ్వు తయారుచేసిన 20 బిట్లూ, అదే నాలుగు ఆప్షన్ల ప్రశ్నలూ, అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి కీ చూడకుండా, పరీక్ష రాసేవాడిలా. రెండోసారి కీ పక్కన పెట్టుకుని, అభ్యంతరం పెట్టేవాడిలా. "కష్టంగా ఉండాలి మాస్టారూ, గైడ్లు బట్టీపట్టినవాళ్ళకు దొరక్కూడదు" అని ఫోన్‌లో అన్నావు. కోరిక మంచిదే. కానీ నీ 20లో 11 బిట్లు కష్టమైనవి కావమ్మా, అరుదైనవి. పోతన తల్లి పేరు అడిగావు. తెలిసినవాడికి రెండు సెకన్లు చాలు, తెలియనివాడికి రెండు గంటలిచ్చినా రాదు. అక్కడ ఆలోచనకు పనే లేదు. భాగవతం మూడుసార్లు చదివిన పిల్లవాడు ఆ బిట్టు తప్పుతాడు, ఒక్క పద్యం చదవకుండా కవుల పట్టిక బట్టీపట్టినవాడు మార్కు కొట్టేస్తాడు. నువ్వు వద్దన్నది సరిగ్గా వాడినే కదా! ఆ 11 బిట్లూ పక్కన పెట్టెయ్.

ఇన్నేళ్ళు బిట్లు రాసి, ఇతరులు రాసినవి దిద్ది నేను నేర్చుకున్నది ఒకటే. బిట్టు ప్రాణం తప్పు ఆప్షన్లలో ఉంటుంది. సరైన జవాబు ఎవరైనా రాస్తారు. మిగతా మూడూ రాయడానికే మన చదువంతా కావాలి. ఆ మూడింటిలో ప్రతి ఒక్కటీ, సగం చదివిన పిల్లవాడు నిజంగా చేసే పొరపాటు అయి ఉండాలి.

నీ నాలుగో బిట్టు చూడు. "అరణ్యపర్వ శేషాన్ని పూరించిన కవి ఎవరు?" అని అడిగి ఎర్రన, శ్రీనాథుడు, మొల్ల, వేమన అని ఇచ్చావు. మొల్ల, వేమన అక్కడికి ఎందుకు వచ్చారు? నాలుగు గళ్ళు నిండాలి కాబట్టి వచ్చారు. భారతాన్ని తెలుగు చేసిన నన్నయ, తిక్కన, ఎర్రనలను కవిత్రయం అంటారని విన్నవాడెవడూ వాళ్ళవైపు చూడడు. అదే విషయాన్ని ఇలా అడిగి చూడు: "ఎర్రన అరణ్యపర్వ శేషాన్ని ఎవరికి అంకితమిచ్చాడు?" ఆప్షన్లు: ప్రోలయ వేమారెడ్డి, రాజరాజనరేంద్రుడు, మనుమసిద్ధి, హరిహరనాథుడు. ఎర్రన 14వ శతాబ్దం వాడనీ, అద్దంకిలో వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నాడనీ, హరివంశం ఆయనకే అంకితమిచ్చాడనీ తెలిసినవాడు తడుముకోకుండా వేమారెడ్డిని పెడతాడు. భారతం అంకితం అనగానే తిక్కన గుర్తొచ్చేవాడు హరిహరనాథుడిని పెడతాడు. తిక్కన నిర్వచనోత్తర రామాయణంతో కలగాపులగం చేసుకున్నవాడు మనుమసిద్ధిని పెడతాడు. నన్నయ మొదలుపెట్టి మధ్యలో ఆగిన పని నన్నయ పూర్తి చేసినట్టే ఉండాలని, నన్నయను పోషించిన, దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటి రాజుకే ఎర్రన అంకితమిచ్చాడన్న సంగతి మనసుకు పట్టినవాడు మాత్రమే రాజరాజనరేంద్రుడిని పెడతాడు. ఆ వినయం తెలియడమే ఎర్రన తెలియడం.

ఇలాంటి తప్పులు మన బుర్రలోంచి రావు, పిల్లల దగ్గరే దొరుకుతాయి. నేను క్లాసులో చేసేది చెబుతాను. ముందు ఆప్షన్లు లేకుండా ప్రశ్న అడిగి, చీటీల మీద జవాబు రాయించేవాణ్ణి, పేరు రాయనక్కర్లేదని చెప్పి. విశ్వనాథ సత్యనారాయణకు జ్ఞానపీఠం ఏ రచనకు వచ్చిందంటే చీటీల్లో ఎక్కువగా 'వేయిపడగలు' ఉండేది. వచ్చింది రామాయణ కల్పవృక్షానికి. ఆ 'వేయిపడగలు' నా ఆప్షన్ అయ్యేది. ఆ చీటీలు పారెయ్యకుండా ఒక నోట్‌బుక్‌లో ఎక్కించుకునేవాణ్ణి. నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టుకో. రెండేళ్ళలో ఏ గైడూ ఇవ్వలేనంత సరుకు పోగవుతుంది.

ఛందస్సు మీద నువ్వు రాసిన మూడు బిట్లూ గణాల వరస అడిగేవే. ఉత్పలమాల గణాలను 'భరనభభరవ' అని పాటలా పాడుకున్నవాడు పద్యం చూడకుండానే పెట్టేస్తాడు. పద్యపాదం ఇచ్చి పని చేయించు. గజేంద్రమోక్షంలోని "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై" అన్న పాదం ఇచ్చి, యతిస్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోట, ఉన్న అక్షరం ఏదని అడుగు. ఆప్షన్లు: మె, వ్వ, లో, ప. ఉత్పలమాల అని పోల్చినవాడు పదో అక్షరం లెక్కపెట్టి 'మె' పెడతాడు. చంపకమాల అనుకుంటే పదకొండోది 'వ్వ' దొరుకుతుంది. శార్దూలం అనుకుంటే పదమూడోది 'లో', మత్తేభం అనుకుంటే పద్నాలుగోది 'ప'. ఎవడు ఏది పెట్టాడో చూస్తే ఎక్కడ తప్పాడో మనకు తెలిసిపోతుంది. 'మె'లో మకారం చూసి, ఎ-కారానికి ఇదెలా యతి అవుతుందని జంకేవాళ్ళూ ఉంటారు. జగము, ఎవ్వని అని విడదీసుకున్నవాడికి ఆ జంకు ఉండదు. గణాలు వెయ్యకుండా ఆ యతిమైత్రి ద్వారానే 'మె' పట్టేసినవాడికీ మార్కు రావాల్సిందే, అదీ ఛందస్సు తెలిసిన తెలివే.

ఇదే ఛందస్సులో నేనొకసారి చేసిన తప్పు ఇప్పటికీ బాధిస్తుంది. ఒక ప్రవేశ పరీక్షకు "పాదానికి 20 అక్షరాలు ఉండే వృత్తం ఏది?" అని రాసి ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అని ఇచ్చాను. కీలో ఉత్పలమాల. మత్తేభానికీ 20 అక్షరాలే! నాకు తెలియక కాదు. రాసేటప్పుడు నా మనసులో ఉత్పలమాల ఒక్కటే ఉంది, మిగతా మూడింటినీ చంపకమాలకు 21, శార్దూలానికి 19 అంటూ ఒక్కొక్కటిగా పరీక్షించుకోలేదు. అభ్యంతరాలు వచ్చాక అందరికీ మార్కు కలిపారు. కానీ హాల్లో రెండు జవాబులూ సరైనవేనని పసిగట్టి, ఏది పెట్టాలో తెలియక టెన్షన్ పడిన పిల్లలు పోగొట్టుకున్న సమయం ఎవరు కలుపుతారు? నెట్‌లో రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 72 సెకన్లు. మన అజాగ్రత్తకు శిక్ష పడేది బాగా చదివినవాడికే. చదవనివాడు ఏదో ఒకటి పెట్టి ముందుకు పోతాడు.

అప్పటినుంచీ ప్రతి తప్పు ఆప్షన్ పక్కనా అది ఎందుకు తప్పో ఒక వాక్యం రాస్తున్నాను. ఆ వాక్యం రాయలేకపోతే ఆప్షన్ తీసేస్తాను. నువ్వూ అలాగే చెయ్యమ్మా, బద్ధకించకు. సరైనదానికీ ఒకటి కలిపి, కీ అంటే నాలుగు వాక్యాలు, ఒక్క అక్షరం కాదు.

ఆ పని చేసి ఉంటే నీ తొమ్మిదో బిట్టు నీకే దొరికేది. "కన్యాశుల్కం నాటకం వెలువడిన సంవత్సరం" అని అడిగి 1892, 1897, 1909, 1910 ఇచ్చావు. 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ బాగా మార్చి రాసిన రెండో కూర్పు వచ్చింది. 'వెలువడిన' అంటే ఈ మూడింటిలో ఏది? 'తొలిసారి అచ్చయిన' అని మార్చితే పేచీ ఉండదు. 'తొలి' అనే మాటతోనూ జాగ్రత్త. తొలి కథ 'దిద్దుబాటు' అని కీ ఇచ్చావు. అది 1910. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చింది. తొలి నవల విషయంలోనూ అంతే. 'రాజశేఖర చరిత్రము' 1878 అయితే, నరహరి గోపాలకృష్ణమ చెట్టి 'శ్రీరంగరాజ చరిత్ర' 1872. పండితులు తేల్చుకోని తగాదాను పిల్లవాడి ఓఎంఆర్ షీటు మీద తీర్చకూడదు. ఈ నాలుగు రచనలనూ ఇచ్చి వెలువడిన కాలక్రమంలో అమర్చమని అడుగు. 'తొలి' అన్న బిరుదులు మాత్రమే తెలిసినవాడు రాజశేఖర చరిత్రాన్ని ముందు పెట్టి చిక్కుతాడు. చరిత్ర చదివినవాడు గట్టెక్కుతాడు. ఏ పండితుడూ అభ్యంతరం పెట్టడు.

ఇక దిద్దడం. ఒకే బిట్టు ఎన్నిసార్లు మారుతుందో చూపిస్తాను. "ఇందు గలడందు లేడని" పద్యం మీద ఏదైనా అడగాలనుకున్నాను. మొదట "ఎవరు ఎవరితో అన్నారు?" అని రాశాను. ప్రహ్లాదుడు, హిరణ్యకశిపుడు అని హైస్కూలు పిల్లలకూ తెలుసు. కొట్టేశాను. "ఇందులోని ఛందస్సు ఏది?" అని రాశాను. కందమని వాలకం చూస్తేనే తెలుస్తుంది. అదీ కొట్టేశాను. పద్యాన్ని గట్టిగా మళ్ళీ చదివాను. "దానవాగ్రణి వింటే!" దగ్గర ఆగాను. ఇన్నేళ్ళుగా ఈ పద్యం నోట్లో ఆడుతున్నవాళ్ళలో ఎంతమంది ఆ 'వింటే'ని నిజంగా విన్నారు? మన వాడుకలో వింటే అంటే విన్నట్లయితే. పద్యంలో అది 'విన్నావా' అని అడగడం. కొడుకు తండ్రిని నిలదీస్తున్న గొంతు ఆ ఒక్క మాటలో ఉంది. ప్రశ్న దొరికింది: "ఈ పద్యంలో 'వింటే' అనే మాటకు అర్థం?"

ఆప్షన్లుగా మొదట విన్నట్లయితే, విన్నావా, వినుము, వినకపోతే అని పెట్టాను. నాలుగు రోజులు వదిలేసి మళ్ళీ చూస్తే రెండు లోపాలు కనిపించాయి. 'వినకపోతే' ఎవరూ పెట్టరు. 'వినుము' మరీ ప్రమాదం, పద్య తాత్పర్యం చెప్పేటప్పుడు "ఓ దానవరాజా, విను" అని చెప్పేవాళ్ళు చాలామంది. వాళ్ళ దగ్గర చదివిన పిల్లవాడు అభ్యంతరం పెడితే నా దగ్గర జవాబు లేదు. ఆ రెండూ తీసేసి 'వినాలని ఉంటే', 'విన్నంత మాత్రాన' పెట్టాను. పద్యం మొత్తం బిట్టులోనే ఇచ్చాను, జ్ఞాపకం మీద ఆధారపడకుండా. ఇప్పుడు అది చదివే శక్తికి పరీక్ష.

నాలుగు రోజులు వదిలెయ్యడం ముఖ్యం. రాసిన రోజున మనం రాయాలనుకున్నదే కనిపిస్తుంది, రాసింది కనిపించదు.

చిన్నచిన్నవి త్వరగా చెప్పేస్తాను. "ఈ నవలా రచయిత్రి ఎవరు?" అని అడిగి ముగ్గురు మగవాళ్ళ పేర్లు, ఒక ఆడమనిషి పేరు ఇచ్చావు, పన్నెండో బిట్టులో. జవాబు ప్రశ్నలోనే ఉంది. సరైన ఆప్షన్ మాత్రమే పొడుగ్గా, వివరంగా ఉండటం నీ బిట్లలో ఐదింట్లో చూశాను. జతపరచమనే వాటిల్లో ఒక్క జత తెలిస్తే మిగతా మూడు ఆప్షన్లూ ఎగిరిపోతున్నాయి. ప్రతి సరైన జతా కనీసం రెండు ఆప్షన్లలో కనిపించేలా కోడ్లు సర్దు. 'పైవన్నీ' అనేది నాకు నచ్చదు, రెండు సరైనవని తెలిస్తే చాలు, మూడోది చదవకుండానే పెట్టేస్తారు. 'కానిది' అని అడిగితే ఆ మాట లావు అక్షరాల్లో వెయ్యి. అలంకారాల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉండే దృష్టాంతం, అర్థాంతరన్యాసం రెండూ ఒకే బిట్టులో పెట్టకు, లక్షణం మీద సరిగ్గా నిలిచే ఉదాహరణ దొరికితే తప్ప.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. డీటీపీ నుంచి వచ్చిన ప్రతిని నువ్వే చూడు, ఇంకెవరికీ వదిలెయ్యకు. ఫాంటు మారేటప్పుడు ఒత్తులు రాలిపోతాయి. వచనంలో అయితే అచ్చుతప్పు అనుకుని సర్దుకుంటారు. పద్యంలో 'ఎవ్వని' కాస్తా 'ఎవని' అయితే మొదటి గురువు లఘువైపోతుంది, భగణం పోతుంది, బిట్టే చచ్చిపోతుంది. పద్యం ఏ ముద్రణ నుంచి తీసుకున్నావో, ఏ పేజీలో ఉందో కీ పక్కన రాసి పెట్టుకో. పాఠాంతరం ఉందని ఎవరైనా అంటే చేతిలో ఆధారం ఉండాలి.

నీ బిట్లలో ఆరు, పదిహేడు నాకు చాలా నచ్చాయి. పదిహేడులో, కన్యాశుల్కంలోని మధురవాణి మాటను రామప్పపంతులు ఎలా అర్థం చేసుకున్నాడని అడిగావు చూడు, అది నాటకం చదివినవాళ్ళు మాత్రమే వెయ్యగల ప్రశ్న. దానిలో మూడో ఆప్షన్ ఒక్కటే బలహీనం. క్లాసులో చీటీలు రాయించి, వచ్చిన తప్పుల్లోంచి ఒకటి అక్కడ పెట్టు. మిగతా ఏడింటినీ కీ వాక్యాలతో సహా తిరగరాసి పంపు. ఒక్కసారే 20 రాయాలని కూర్చోకు, రోజుకు మూడు చాలు. వచ్చే ఆదివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చెయ్యి. ఎర్రన బిట్టుతో మొదలుపెడదాం.

మీ మాస్టారు