ఏసీ కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. బట్టల కొట్టు ఉంది. ఇంట్లో సగటున నెలకు 250 యూనిట్లు వాడతాం. వేసవిలో రాత్రిళ్లు కరెంటు పోతే ఏసీ ఆగి పిల్లలు నిద్రపోవడం లేదు. నాలుగు బ్యాటరీలతో పెద్ద ఇన్వర్టర్‌కు లక్ష చెప్పారు, రెండు కిలోవాట్ల సోలార్‌కు లక్షా ఇరవై వేలు. బ్యాంకులో మూడు లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసి రెండూ పెట్టించమంటారా?

జవాబు: రెండూ అక్కర్లేదు, సోలార్ ఒక్కటి చాలు; ఎఫ్‌డీ అసలే తీయొద్దు. కొట్టు నడిపేవారికి అమ్మకాలు పడిపోయిన నెలల్లో ఆదుకునేది అదే.

ముందు ఒక అపోహ తీరాలి. సబ్సిడీతో వచ్చే మామూలు సోలార్ కరెంటు లైనుకు అనుసంధానమై ఉంటుంది. లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా, కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. అంటే సోలార్ బిల్లు తగ్గిస్తుంది కానీ కోతను ఆపదు.

ఇక బ్యాటరీల సంగతి. 150 ఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత) ఉన్నవి నాలుగు కలిపితే చేతికి దక్కేది సుమారు నాలుగు యూనిట్లు; టన్నున్నర ఏసీ మూడు నాలుగు గంటలు నడుస్తుంది. ఒక్కోటి 16 వేలనుకుంటే మొత్తం 64 వేలు, అయిదేళ్లకు మార్చాలి. ఏడాదికి నలభై రాత్రులు, రెండేసి గంటలు కోత ఉందనుకున్నా, బ్యాటరీల మీద గంటకు 160 రూపాయలు పడుతుంది. లైను కరెంటుతో అదే గంట ఆరేడు రూపాయలు! ఒక్క బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పెట్టుకోండి, తెల్లవార్లూ తిరుగుతాయి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న పెద్దవారెవరైనా ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు.

సోలార్ మాత్రం పెట్టించండి. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సాయమిచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్లకు 60 వేలు వస్తుంది. ఒడిశా ప్రభుత్వ సాయం దానికి అదనం. నెలకు 240 యూనిట్ల దాకా వస్తే బిల్లులో దాదాపు 1,100 మిగులుతుంది, కేంద్రం సబ్సిడీ ఒక్కటే లెక్కేసినా నాలుగున్నరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. మూడు కిలోవాట్లు అమ్మజూపుతారు. మీ వాడకానికి అక్కర్లేదు.

బిగింపు పూర్తయ్యాకే సబ్సిడీ ఖాతాలో పడుతుంది. అందుకే ఈ పథకం కింద బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇచ్చే రుణం తీసుకుని, డబ్బు రాగానే అందులో జమ చేయండి. పథకం పోర్టల్‌లో నమోదైన వెండర్లలోనే ఇద్దరు ముగ్గురి ధరలు అడగండి. 2018లో తిత్లీ తుపాను చూసిన ఊరు మీది, కాబట్టి ఫ్రేము ఎంత గాలికి తట్టుకుంటుందో కొటేషన్‌లో రాయించుకోండి.