పెరటి ముచ్చట్లు: మడికి మట్టెంత, గెత్తమెంత?

ప్రశ్న: నమస్తే అండీ, మాది విజయనగరం, గాజులరేగ వైపు. ఇంటెనకాల సిమెంటు ఇటుకలతో ఎత్తు మడి కట్టించాం, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. వీడియోలు చూసి మట్టి అస్సలు వాడకుండా ఒక వంతు గెత్తం (పశువుల పేడ ఎరువు), ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక వంతు రైస్ మిల్లు ఊక పోసి నింపేశాం. మే నెలలో నింపితే ఇప్పటికి అరడుగు దిగిపోయింది. వంగ మొక్కలు పసుపెక్కి జానెడు దగ్గరే ఆగిపోయాయి, పొద్దున్న నీళ్లు పోస్తే మధ్యాహ్నానికే ఆరిపోతోంది. ఇంకో నాలుగు బస్తాల గెత్తం వేద్దామని మావారు, చాల్లే అని మా అత్తగారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: అత్తగారి మాటే వినండమ్మా, ఈ ఒక్క విషయంలో. మీరు కట్టింది మడే గానీ నింపింది మాత్రం గెత్తం గొయ్యిలాగ నింపేశారు. గెత్తం, పీచు పొట్టు అన్నీ కుళ్లి తగ్గిపోయేవే కదా, అందుకే మడి దిగిపోయింది, మళ్లీ అవే పోస్తే మళ్లీ దిగిపోద్ది, ప్రతి ఏడూ ఇదే పని. మట్టి ఒక్కటే ఎక్కడికీ పోదు. ఇంక పచ్చి ఊక సంగతి, దాంట్లో కార్బన్ బోలెడు, నత్రజని దాదాపు లేదు. దాన్ని తినే సూక్ష్మజీవులు కావాల్సిన నత్రజని చుట్టుపక్కల నుంచి లాక్కుంటాయి, ఆ పోటీలో ఓడిపోయేది మీ వంగ మొక్కే. ముందు కింది ఆకులు పసుపెక్కుతున్నాయి చూడండి, అది నత్రజని చాలకే.

ఇప్పటికిప్పుడు మొక్కలు పీకొద్దు. గుప్పెడు వేరుశనగ చెక్క ఒక లీటరు నీళ్లలో రెండ్రోజులు నానబెట్టి, వడకట్టి, దానికి పది రెట్లు నీళ్లు కలిపి వారానికోసారి మొదళ్లలో పొయ్యండి. వాసన భరించలేరు, ముందే చెప్తున్నా, చుట్టాలొచ్చే రోజు పెట్టుకోకండి. కాపు అయ్యాక, దసరా దాటాక అసలు పని.

మడిలో పైన అరడుగు తీసి ఒక మూల కుప్పగా పెట్టండి, పారెయ్యొద్దు, పేడ నీళ్లు చల్లుతూ ఉంటే వచ్చే ఏడాదికి అదే ఎరువు. ఇప్పుడు మడిలో అడుగు ఖాళీ ఉంటుంది. 8 ఇంటూ 4 ఇంటూ 1, అంటే 32 ఘనపుటడుగులు, మన 20 లీటర్ల పెయింట్ బకెట్లతో సుమారు 45 బకెట్ల మట్టి. బరువు టన్ను దాటుద్ది, చిన్న ట్రాలీ ఆటో అయితే రెండు ట్రిప్పులు పట్టొచ్చు. మన వైపు ఎర్రమట్టి ఒక్కటే పోస్తే నీళ్లు నిలవవు, చెరువు మట్టి ఒక్కటే పోస్తే ఎండకి పగుళ్లిచ్చి గునపం కూడా దిగదు, అందుకని రెండూ సగం సగం. చెరువు మట్టి బిగుసుకుపోద్దని కొందరు నాగావళి ఇసుక తెచ్చి కాస్త కాస్త కలుపుతారు. బంకమట్టిలో కొంచెం ఇసుక కలిపితే ఇటుకే తయారవుద్ది గానీ మడి అవ్వదు, దాన్ని గుల్ల చేసేది మాగిన ఎరువే.

ఈ మట్టిని పైపైన పొయ్యకుండా కిందున్న అరడుగు గెత్తం-పొట్టుతో పారతో తిరగేసి బాగా కలపండి. కొత్తగా మడి నింపేవాళ్లకి నేను చెప్పే లెక్క అయితే పది బకెట్లలో ఆరు మట్టి, మూడు బాగా మాగిన గెత్తం, ఒకటి కడిగిన కోకోపీటో ఊక బూడిదో, అంతే. మీ సైజు మడికి వేపపిండి ఒక అరకిలో చాలు. కట్టెల పొయ్యి బూడిద ఉంటే పలచగా ఒక చేరెడు చల్లండి, ఎక్కువేస్తే క్షారం పెరుగుద్ది, పచ్చి గెత్తంతో కలిపితే నత్రజని ఘాటు వాసనై గాల్లో కలిసిపోద్ది. కలిపిన మిశ్రమం తడి చేసి గుప్పిట్లో గట్టిగా నొక్కి చెయ్యి తెరవండి, ముద్దగా నిలబడి బొటనవేలితో పొడిస్తే పొలపొలా విడిపోవాలి. విడిపోకుండా జిగురుగా ఉంటే ఇంకాస్త ఎరువు, అసలు ముద్దే కట్టకపోతే ఇంకాస్త చెరువు మట్టి.

ఒక్క మాట, చెరువు మట్టి తెచ్చేటప్పుడు తుంగ గడ్డలు చూసుకోండి. నేను మొదటి ఏడాది జల్లెడ పట్టకుండా పోసేశాను, ఆనపకాయలకన్నా తుంగ ఎక్కువ కోశాను ఆ ఏడాది.

ప్రశ్న: గెత్తం మాగిందో లేదో ఎలా తెలుస్తుంది? అమ్మేవాడు ఏడాది పాతదంటాడు, మనకి తెలియదు కదా. - రాజాం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అమ్మేవాడు ఎప్పుడూ ఏడాది పాతదే అంటాడు బాబూ. గుప్పెడు తడి గెత్తం పాలిథిన్ కవర్లో కట్టి మూడ్రోజులు నీడలో ఉంచి విప్పండి, మట్టి వాసనొస్తే మాగినట్టు, ముక్కుకి ఘాటుగా కొడితే పచ్చిది. ఇంకా నమ్మకం కుదరకపోతే కొబ్బరి చిప్పలో గెత్తం సగం మట్టి సగం పోసి పది మెంతులు చల్లండి. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలిచేస్తాయి, పదికి ఎనిమిదైనా లేచి పచ్చగా నిలబడితే వాడుకోండి, మొలిచి మాడిపోతే ఆ బస్తా ఇంకో రెండు నెలలు తడిపి కప్పి ఉంచాల్సిందే.

గెత్తం తిరగేసేటప్పుడు బొటనవేలంత లావుగా, తెల్లగా, కొడవలిలా వంకర తిరిగి గోధుమ రంగు తలకాయతో పురుగులు కనిపిస్తే ఏరెయ్యండి. కొబ్బరి మొవ్వుని తొలిచే కొమ్ము పురుగు పెరిగేది గెత్తం కుప్పల్లోనే. పెరట్లో కొబ్బరి చెట్టున్నవాళ్లు వదిలెయ్యకూడదు. మా ఇంట్లో కోళ్లకి ఆ రోజు పండగే.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర. పీచు పొట్టు మాకు ఊరికే వస్తుంది, పలాస నుంచి జీడి పిక్కల తొక్కు కూడా తెప్పించుకోవచ్చు. రెండూ మడిలో పోసేద్దామా?

జవాబు: పీచు పొట్టు సరే, జీడి తొక్కు వద్దే వద్దు. ఆ తొక్కులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, పిక్కలు కొట్టేవాళ్ల చేతులు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కూరగాయల మడిలో దానికి పని లేదు.

పొట్టు అయినా నేరుగా వద్దు. కొబ్బరి డొక్కలు ఉప్పు నీళ్లలో నానేసి పీచు తీసి ఉంటే ఆ ఉప్పంతా పొట్టులోనే ఉంటుంది, మొక్కల ఆకుల అంచులు ఎండిపోతాయి. గోనె సంచిలో పోసి మంచి నీళ్లలో నానబెట్టి, ఆ కాఫీ రంగు నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టి, అలా రంగు పలచబడేదాకా రెండు మూడు సార్లు చెయ్యండి. కొనుక్కునేవాళ్లకి కూడా ఇదే, 5 కిలోల దిమ్మ నానితే 60, 70 లీటర్ల దాకా పొంగుద్ది, డ్రమ్ము చాలక నేల మీద పడిపోద్ది, చూసుకోండి. పొట్టు నీటిని పట్టి ఉంచుద్ది గానీ దాంట్లో బలం ఏమీ లేదు, పదింటికి ఒకటికి మించి వెయ్యొద్దు.

ప్రశ్న: మా మడి అడుగున ప్లాస్టిక్ షీటు వేశాం, చెదలు రాకుండా. అక్టోబరులో తుఫాను పడితే ఏం చెయ్యాలి? - టెక్కలి

జవాబు: ఆ షీటు తీసెయ్యండి ముందు. అడుగున షీటుంటే అది మడి కాదు తొట్టి, మొన్న కురిసిన వానకే వేళ్లు కుళ్లుంటాయి. నేలని అరడుగు లోతు గునపంతో గుల్ల చేసి దాని మీదే మడి నింపాలి. చెదలకి వేపపిండి, ఇంకా ముఖ్యంగా మాగని గెత్తం, కర్ర ముక్కలు అడుగున వెయ్యకపోవడం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన శ్రీకాకుళం జిల్లా మీదే తీరం దాటింది కదా, అలాంటి వాన వచ్చిందంటే బోసిగా ఉన్న మడి పైన మంచి మట్టంతా చినుకులకి చెదిరి కొట్టుకుపోద్ది. అందుకని ఆ నెలలో మడి మీద బెత్తెడు మందం ఎండు గడ్డో, ఆకులో పరిచి పైన గోగు పుల్లలు అడ్డంగా వెయ్యండి, ఎగిరిపోకుండా. మడి ఖాళీగా ఉంటే పిల్లిపెసరో జనుమో చల్లి పూత మొదట్లో, 45 రోజులకి అటూ ఇటూగా, కోసి మట్టిలో కలిపెయ్యండి.

ప్రశ్న: మట్టి పరీక్ష చేయించాలా, పెరటికి కూడానా?

జవాబు: బయట నుంచి మట్టి కొంటే ఒక్కసారి చేయించుకోండి. నాలుగైదు చోట్ల జానెడు లోతు నుంచి తీసి కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో తీసుకెళ్తే చాలు. శ్రీకాకుళం వాళ్లకి ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ అడగండి. ఎరువు వేసిన వారంలో తీసిన మట్టి మాత్రం పట్టుకెళ్లకండి.